బాపు అడిగిన రాగి వైరు

పొద్దున మా అబ్బాయి తెగిన వైరుకు టంకం వేస్తుంటే, ఆ పొగ వాసనకు మా మందమర్రి క్వార్టర్ యాదికొచ్చింది. మీ ఇళ్లల్లో కూడా రేడియోలకు ఇట్లనే అతుకులు వేసేటోళ్లు కదా?

బొగ్గుబాయి పనితో ఊపిరితిత్తులు చెడి బాపు మంచం పట్టిండు. ఆయన భజనలు వినే రేడియో వైరు తెగింది. నేను పాత సామానులో దొరికిన వైరును బ్లేడుతో గీకి బాపుకు చూపించిన.

"లోపల తెల్లగుంది బిడ్డా, గిది అల్యూమినియం. దీనికి టంకం పట్టది. సన్న రాగి పోగులున్నది తే, జర జల్ది."

బజారుకు ఉరికిన. వైరు పట్టుకొని వచ్చేసరికి వాకిట్లో జనం. బాపు పోయిండు.

నన్ను కన్న అవ్వ ఏడుసుకుంటనే పిలిచింది. "అతికియ్ బిడ్డా. మీ బాపు భజన ఇంటనన్నడు గద."

టంకం ఒక్కసారికే పట్టింది. భజన వస్తున్న రేడియోను బాపు తల పక్కన పెట్టిన. అవ్వ సౌండు ఇంకొంచెం పెంచింది.