లియొంతీన్ వంటింట్లో సబ్బు పువ్వు

లియొంతీన్ అక్క తల్లి బతికున్న రోజుల్లో లావెండర్‌ను ఎవరూ నోట్లో పెట్టుకునేవాళ్లు కాదు. దుప్పట్ల మడతల్లో పెట్టేవాళ్లు, శవం తల కింద పెట్టేవాళ్లు. అంతే. పారిస్ నుంచి కార్లేసుకుని వచ్చే జనం మా ప్రోవాన్స్ కొండల్లో ఊదారంగు పొలాలు చూసి మురిసిపోయి, "దీంతో తినడానికేం చేస్తారు?" అని అడగడం మొదలుపెట్టాకే ఈ వంటలు పుట్టాయి.

"పీనుగుల పువ్వు కావాలట, వీళ్ల మొహాలు మండ!" అని తిట్టుకుంటూనే అక్క నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందని! గొర్రెపిల్ల తొడకు వెల్లుల్లి, ఉప్పు, చిటికెడు ఎండు పూలు నూరి పట్టించి కాల్చేది. వేడి పాలలో పూలు వేసి, పొంగకముందే వడకట్టి, గుడ్డు సొన కలిపి తియ్యటి క్రీము చేసేది. కాస్త ఆలస్యమైతే చేదెక్కిపోతుంది. ఎప్పుడు దించాలో ఆమెకు ముక్కే చెప్పేది.

పోయిన చలికాలం జ్వరం వచ్చి ఆ ముక్కును పట్టుకుపోయింది. ఓ రోజు పాలు మాడి కంపు వీధిలోకి కొడుతుంటే, ఆమె పొయ్యి పక్కనే నిలబడి తాపీగా ఉల్లిపాయలు తరుగుతోంది.

"అక్కా! నిద్రపోతున్నావా ఏంటి? పాలు మాడుతున్నాయి!" అని అరిచాను నేను.

ఆమె కత్తి కింద పెట్టి ఏడ్చేసింది. "నాకేం వాసనా తెలీడం లేదే. గాస్తాన్‌కి చెప్పకు. తెలిస్తే వంటింట్లోంచి గెంటేస్తాడు. ఈ వయసులో నేనెక్కడికి పోను?"

గాస్తాన్ ఆమె అన్న కొడుకు. మేం పనిచేసే హోటల్ అతనిదే. నేను అక్కడ వడ్డించే మనిషిని. ఆ రోజు నుంచి అక్కకు ముక్కు నేనే అయ్యాను. గిన్నె మీదకు నన్ను వంచి, "దించనా?" అనేది. "ఆగు... ఆఁ, దించు." అలా వేసవి దాకా నెట్టుకొచ్చాం.

కోతల పండగ రోజున నన్ను పొద్దున్నే బయట బల్లలు వేయడానికి తరిమాడు గాస్తాన్. వంటకు వాడేది ఎగువ కొండల్లో పెరిగే సన్న లావెండర్. దిగువ పొలాల్లో పెరిగేది కర్పూరం వాసన కొడుతుంది, దాన్ని సబ్బుల్లో వేస్తారు. కాడల నుంచి రాల్చేశాక ఏది ఏదో కంటికి తెలియదు, వాసన చూడాల్సిందే. బట్టల అలమారల్లో పెట్టుకునే చిన్న సంచుల్లో నింపి అమ్మడానికి తెచ్చిన ఆ సబ్బు పువ్వును గాస్తాన్ మహానుభావుడు వంటింటి అరలోనే పడేశాడు. అక్క చేతికి అదే తగిలింది.

క్రీము వడ్డించాం. జీవితమంతా లావెండర్ నూనె తీసిన బాస్తియన్ తాత ఒక్క చెంచా తిని నాలుక తుడుచుకున్నాడు.

"ఏమే పిల్లా, బట్టలుతికిన నీళ్లు పోశారా ఇందులో?"

మా ఊరివాళ్లందరూ చెంచాలు కింద పెట్టేశారు. నేను రుచి చూశాను. కర్పూరం ఘాటు. వంటింట్లోకి పరిగెత్తి, "అక్కా, సబ్బు పువ్వు వేసేశావు" అన్నాను.

ఇంతలో గాస్తాన్ ఊగిపోతూ లోపలికొచ్చాడు. తిట్టడానికి కాదు.

"అత్తా, అదరగొట్టావు! పారిస్ వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఇన్నాళ్లకి అసలైన లావెండర్ తిన్నామంటున్నారు, అచ్చం వాళ్ల స్నానాలగది వాసనేనట!"

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ అక్కకు రోషం ఎక్కువ.

"అది తప్పురా. సబ్బు పువ్వు పడింది. నాకు ముక్కు పనిచెయ్యట్లేదు, చలికాలం నుంచీ."

నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. గాస్తాన్ నవ్వేశాడు.

"దానికింత ఏడుపు మొహమెందుకు? బాస్తియన్ తాత పండక్కొక్కసారి వస్తాడు, వాళ్లు రోజూ వస్తారు. రేపట్నుంచి ఇదే వెయ్యి. ఈ వంటకి ముక్కుతో పనేముంది?"

గెంటలేదు. అయ్యో, గెంటినా బాగుండేదేమో అనిపించింది నాకు ఆమె మొహం చూస్తే.

మర్నాడు అక్క వేళకే వచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, ఆ పువ్వే గుప్పెడు వేసింది. అలవాటుగా నేను గిన్నె మీదకు వంగబోతే మోచేత్తో పక్కకు నెట్టింది.

"నువ్వు పోయి బల్లలు తుడుచుకో. పొంగినా ఫర్వాలేదట."