ఇంటి కోడె

అత్తిమంజేరిపేటలో మా ఇంటిది ఒక మొండి పట్టు. ఆవులకు బయటి కోడెను చూపించేవాళ్లు కాదు. అవ్వ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఆవుకు పుట్టిన కోడెతోనే దాని చెల్లెళ్లనూ, చివరికి దాని కూతుళ్లనూ దాటించేవాళ్లు. "మన విత్తనం మన ఇంట్లోనే ఉండాల" అనేవాడు నాన్న.

మనుషులకూ అదే న్యాయం. అమ్మను సొంత మేనమామకే ఇచ్చారు. ఆయనే మా నాన్న. నన్ను అమ్మ తమ్ముడికి ఇవ్వాలని నేను పుట్టిన రోజే అనుకున్నారు. నాకూ ఇష్టమే. మామ మంచివాడు, పైగా తిరుత్తణిలో నాకు సినిమా చూపించిన ఏకైక మగవాడు.

నా పెళ్లి మాటలు మొదలైన ఏడాదే ఆవులకు చూడి నిలవడం మానేసింది. దాటించిన ఆవే మళ్లీ ఎదకు వచ్చేది. నిలిచినా నెలలు నిండకుండానే ఈసుకుపోయేది. ఎర్రావు నెలలు నిండి ఈనింది గానీ, దూడ కాళ్లు ముడుచుకుని చచ్చి పుట్టింది. దిష్టి అంటూ నాన్న పెరియపాళయం అమ్మవారికి మొక్కుకున్నాడు. అమ్మ మాత్రం పశువుల డాక్టరును పిలిపించింది.

డాక్టరు దూడను చూసి, కోడె ఎవరిదని అడిగాడు. నాన్న గర్వంగా చూపించాడు.

"ప్రతి పశువులోనూ ఏదో ఒక లోపం దాగుంటాదయ్యా. తల్లిదండ్రుల్లో ఒక పక్క నుంచే వస్తే రెండో పక్కది కాపాడతాది. కోడే ఆవూ ఒకే ఇంటివైతే అదే లోపం రెండు పక్కలా వస్తాది. కొన్ని కడుపులోనే కరిగిపోతాయి, కొన్ని ఇట్ల పుడతాయి. బయటి కోడె విత్తనం సూదితో వేయించండి."

"తాతకు దగ్గులు నేర్పేదానికొచ్చినాడు" అని నాన్న గొణిగాడు. "నా కోడెకేం తక్కువ?"

"ఏం తక్కువలేదు. లోపాన్ని లోపల మోస్తావుంది, పైకి కనపడదు."

పరాయి మగవాళ్ల ముందుకు రాని అమ్మ గడప దాటి వచ్చింది. "అయితే తప్పు ఆవుది కాదా సారూ?"

"ఒక్క ఆవుదే ఎట్లవుతాదమ్మా?"

నాకు ముందూ వెనకా పుట్టిన బిడ్డలెవరూ అమ్మకు దక్కలేదు. గొడ్డు కడుపని అవ్వ ఆమెను అన్న మాటలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వారంలోనే మామ తాంబూలాలు తీసుకుని వచ్చాడు. అమ్మ పళ్లెం ముట్టలేదు.

"వద్దురా అబ్బోడా. దీన్ని నీకియ్యను."

"ఏంటికక్కా? నేనేం తప్పు చేసినా?" మామ మొహం చూడలేక నేను ఏడ్చేశాను.

"ఆవులకు చెప్పింది మనుషులకు పెడతావా?" అని నాన్న అరిచాడు.

అమ్మ నాన్నను ఎప్పుడూ మామా అనే పిలిచేది. గొంతు పెంచకుండా అడిగింది. "మన బిడ్డలకు గుంతలు తవ్వింది నువ్వే గదా మామా. ఎన్ని తవ్వినావో నీ కూతురికి చెప్పు."

తాంబూలం పళ్లెం నాన్నే తీసి తిరిగి మామ చేతికిచ్చాడు.