కుమ్మరి పేరున్న ఊళ్లో మెంతుల నురగ

మా నాన్న నన్ను బడికి పంపలేదు, కూరగాయల గంపతో చేవెళ్ల మార్కెట్‌కు పంపాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు పొయ్యి ముందే గడిచాయి. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో వంట మానేశాక మొయినాబాద్‌లో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను.

యెమెన్‌లో యుద్ధం మొదలు కాకముందు, అక్కడి దవాఖానలో పనికి వెళ్లిన హైదరాబాద్ డాక్టరమ్మ నన్ను వంటమనిషిగా జిబ్లాకు తీసుకెళ్లింది. కొండల్లో రెండు వాగుల మధ్య ఉన్న చిన్న పాత ఊరది. అన్నీ రాతి మేడలే. మూడు నెలలు చూసి, నచ్చకపోతే వెనక్కి పంపుతానన్నది ఒప్పందం. మా బిడ్డ నర్సింగ్ చదువు ఆ కొలువు మీదే నడుస్తున్నది.

మూడో నెల చివర డాక్టరమ్మ మేం అద్దెకున్న ఇంటి ఓనర్లను శుక్రవారం భోజనానికి పిలిచింది. అక్కడ మధ్యాహ్నం పూట ముఖ్యమైన వంటకం సల్తా. రాతి గిన్నెలో కుతకుత ఉడికే మాంసం పులుసు, దాని మీద మెంతుల నురగ. గురువారం ఒకసారి చేసి చూశాను. మన పచ్చళ్లకు చేసినట్టే మెంతులు వేయించి, పొడి కొట్టి, నీళ్లలో గిలక్కొట్టాను. గంటసేపు కొట్టినా నురగ రాలేదు, చేదు మాత్రం వచ్చింది.

"యాదమ్మా, గిదేంది, కషాయమా?" అన్నది డాక్టరమ్మ. "రేపటికి బజారు నుంచి వంటామెను పిలుస్త. నీ టికెట్ సంగతి ఎల్లుండి చూద్దాం."

అప్పుడే కింది అంతస్తు నుంచి ఓనర్ తల్లి వచ్చింది. వేలితో నాకి చూసి పడీపడీ నవ్వింది. మెంతులను ఎవరు మాడ్చారని అడిగింది.

"నేను పనిమనిషిని, మీ వంటలు నాకేం ఎరుక?" అన్నాను.

డాక్టరమ్మ అరబ్బీలో ఆ మాట చెప్పగానే ముసలామె నవ్వు ఆపేసింది. ఆమె జవాబును మళ్లీ డాక్టరమ్మే నాకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక రాణి సనా పట్నాన్ని వదిలి వచ్చి, ఈ ఊరి నుంచే దేశాన్ని ఏలింది. ఆమె సమాధి ఇక్కడి మసీదులోనే ఉంది. అయినా జిబ్లా అన్నది రాణి పేరు కాదు. ఆమె కోట లేచిన చోట అంతకుముందు కుండలు అమ్మిన ఒక యూదు కుమ్మరి పేరని పెద్దలు చెప్పుకుంటారు.

"గిది పనోళ్ల పేరున్న ఊరంట. తెల్వకపోతే అడుగు, సిగ్గెందుకు అంటున్నది," అన్నది డాక్టరమ్మ, నా ముఖం చూడకుండా.

అడిగాను. పచ్చి మెంతుల పొడిని నానబెట్టాలి. చేదు నీళ్లు వంపేసి, మిగిలిన ముద్దను తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. వేయిస్తే మెంతుల్లో జిగురు పోతుంది, ఇక పొంగదు. అప్పటి నుంచి ఏ కొత్త వంటింట్లోకి వెళ్లినా తెలియనిది మొదటి రోజే అడిగాను. దానివల్ల చేయి తిరిగిన వంటామెకు పోయేదేమీ లేదు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఆ వంటామెను పిలవడానికి బజారుకు పోవాలని చెప్పులు వేసుకుంటున్నది. పచ్చిమిర్చి నూరి కలిపిన నురగను గిన్నెలో తెచ్చి ఆమె చేతికిచ్చాను.

"జర రుచి చూసి పోండి డాక్టరమ్మా."

రెండు చెంచాలు తిన్నది. చెప్పులు విడిచింది. నేను వెళ్లి మాంసం పొయ్యి మీద పెట్టాను.