రాణి బొమ్మ రూపాయిని నరసరావుపేటలో చూపించుకొచ్చాం

మా అత్తగారు పోయే ముందు నా చేతిలో పెట్టిన రాణి బొమ్మ వెండి రూపాయి ఇరవై ఏళ్ళుగా గురజాలలో మా దేవుడి అరలోనే, అమ్మవారి పక్కన పూజలో ఉంది. అలాంటిది రెండు లక్షలు పలుకుతుందని మా చిన్న తోడికోడలు రమణమ్మ ఫోనులో వీడియో చూసింది. తన వాటా నేను దాచుకున్నానని నాతో మాట మానేసింది. మనసు చివుక్కుమంది. ఇద్దరం కలిసి చూపించుకుందామని నేనే కబురు చేశాను.

మంగళవారం ఉదయం ఏడున్నరకు బస్సెక్కాను. పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేటకు దాదాపు రెండు గంటలు పట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. రమణమ్మ ముప్పాళ్ళ నుంచి వచ్చి బస్టాండులో నిలబడి ఉంది. వెండి కొట్ల దగ్గరికి ఆటో ఇద్దరికీ నలభై రూపాయలు. "ఏం కొంటన్నారమ్మా?" అని ఆటో అతను అడిగాడు. "కొనేదేం లేదు, ఉన్నదేందో తేలాలి" అంది రమణమ్మ, నా వైపు చూడకుండా.

పాత నాణేలు కొనే మస్తాన్ గారిది చిన్న కొట్టు. రూపాయికి అయస్కాంతం ఆనించారు, అంటలేదు. గాజు బల్ల మీద మోగించారు. కాటాలో పదకొండు గ్రాములు చూపింది. "అసలుదేనమ్మా. కొత్తలో ఇంకో అర గ్రాము పైనే ఉంటది" అని భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "దీన్ని దేంతో తోమారు?"

"చింతపండు, విభూతి. ప్రతి శుక్రవారం."

"అదీ సంగతి. రాణి ముక్కు పోయింది, సంవత్సరం అంకెలూ పోయినాయి. నాణేలు సేకరించేవాళ్ళు తీసుకోరు. వెండి రేటే వస్తది."

"తోమకపోతే రెండు లక్షలా?" రమణమ్మ గొంతు పెరిగింది.

ఆయన నవ్వారు. "మామూలు రూపాయి తల్లీ, చానా ఇళ్ళల్లో ఉంది. తోమకపోయినా వెండి రేటు మీద కాస్త ఎక్కువ, అంతే."

బస్టాండు పక్కన ఎనభై రూపాయల భోజనం దగ్గర రమణమ్మ నోరు విప్పింది. "ఇరవై ఏళ్ళు వారం తప్పకుండా తోమావా అక్కా? నేనైతే రెండో వారానికే అమ్మి గిన్నెలు కొనేదాన్ని!"

నాకూ నవ్వొచ్చింది. రూపాయి ఆమె చేతిలో పెట్టాను. "ఈ ఏడాది నీ దగ్గరుండనీ."

ఆమె గుప్పిట మూసుకుంది. "నేనన్న మాటలు మనసులో పెట్టుకోకక్కా."

నా చేతులే దాని ముఖం చెరిపాయని తిరుగు బస్సులో కాసేపు బాధపడ్డాను. అత్తగారు, ఆమె అత్తగారు కూడా ఇలాగే తోమి ఉంటారు. అమ్మవారి సేవలోనే అరిగింది కదా అని సరిపెట్టుకున్నాను. మీ ఇంట్లో పాత నాణెం ఉంటే చూపించే ముందు కడగకండి, తోమకండి. మెత్తని గుడ్డలో చుట్టి ఉన్నదున్నట్టు తీసుకెళ్ళండి. రమణమ్మకూ అదే చెప్పాను, బొట్టు మాత్రం పెట్టమన్నాను.