గట్టిమేళంతో ఆగిపోయిన కీర్తన

కాణిపాకంలో పెళ్ళిళ్ళకు నాదస్వరం వాయించి బతికినవాణ్ణి నేను. ముహూర్తాల రోజుల్లో ఒక మంటపంలో ముగించుకుని ఇంకో మంటపానికి పరుగెత్తేవాళ్ళం. డోలు మా చెల్లెలి మొగుడిది. ఇద్దరం మా నాయన దగ్గరే నేర్చుకున్నాం. పెళ్ళిళ్ళలో మేళం కావాలనేవాళ్ళే గానీ వినేవాళ్ళు ఎవరు? ఎంత ఒళ్ళు మరిచి వాయిస్తున్నా సరే, పురోహితుడు వేలు పైకెత్తి ఊపితే ఉన్నచోటే తెంచేసి గట్టిమేళం అందుకోవాలి. తాళి కట్టేటప్పుడు ఎవరి తుమ్మూ వినపడకూడదు గదా. పెళ్ళివాళ్ళకు మాతో ఉన్న పని అదే.

ఎక్కడెక్కడివాళ్ళో తమ పాటలూ వాయింపులూ కంప్యూటర్లో పెట్టుకుంటున్న కొత్త రోజులవి. ఒక పెళ్ళికొడుకు స్నేహితుడు మా వాయింపు ముక్క కూడా పెట్టాడు. చిత్తూరు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు నడిపే అతను మమ్మల్ని గుర్తుపట్టి, పిలిచి చూపించాడు. దాని కింద ఎక్కడో చలిదేశంలో బూర ఊదే ఒకాయన ఇంగ్లీషులో రాశాడు, ఈ కీర్తన మొత్తం వాయించి పెడతారా, నేర్చుకుంటాను అని. నన్ను మొత్తం వాయించమని అంతకుముందు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇంటికొచ్చి చెల్లెలికి ఆ మాటే రెండుసార్లు చెప్పాను.

ఆ ఆదివారం సెంటరతను చిన్న కెమెరా తీసుకుని మా ఇంటికొచ్చాడు. మోహన రాగంలో మా నాయన నేర్పిన ఆ కీర్తన ఎత్తుకున్నాను. పల్లవి, అనుపల్లవి హాయిగా నడిచాయి. చరణం దగ్గరికి రాగానే వేళ్ళు ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాయి. పెళ్ళిళ్ళలో ఏనాడూ అంతదాకా పోనిస్తే గదా. వాయించక వాయించక చరణం నాలోంచి జారిపోయింది, పోయిన సంగతి కూడా నాకు తెలియలేదు. కెమెరా నడుస్తోంది. దిక్కు తోచక గట్టిమేళం ఎత్తుకున్నాను. అలవాటుకొద్దీ డోలూ వచ్చి కలిసింది.

"అదేంది బావా, సరణం యాడబోయింది?" అని అడిగాడు చెల్లెలి మొగుడు, కర్ర కింద పెడుతూ.

"ఇంతే సాల్లేప్పా," అన్నాను.

చలిదేశం ఆయనకూ అనుమానమే వచ్చింది. చివర అంత హఠాత్తుగా ఆపేశారేమని అడిగాడు. మరిచిపోయానని రాయించి ఉంటే అక్కడితో తెగిపోయేది. నాకు నోరు రాలేదు. మా పక్క సంప్రదాయం ఇదేనని సెంటరతనితో రాయించాను. ఆయన పాపం నన్ను గురువుగారూ అని పిలిచి నమస్కారాలు పంపాడు.

ఆయన దాన్ని తన బూర మీద వాయించి పెట్టాడు. అది విని ఇంకెవరో గిటారు మీద, ఒకామె వయొలిన్ మీద, వేరే దేశంవాళ్ళు శాక్సఫోనూ డ్రమ్ములూ పెట్టుకుని వాయించారు. ఒకరినొకరు చూసి ఎరగరు. ఎవరి బాణీ వాళ్ళది, ముగింపు మాత్రం నాది. అనుపల్లవి కాగానే అందరూ కళ్ళు మూసుకుని, ఎంతో భక్తిగా, ఢమఢమ మోగించి ఆపేసేవాళ్ళు. సెంటర్లో పక్క కుర్చీలవాళ్ళు భలే భలే అంటుంటే నేను తలెత్తలేకపోయాను. మా నాయన కీర్తనను సగానికి కోసి లోకం మీదికి వదిలింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక తట్టుకోలేక చెల్లెలి మొగుడి దగ్గరికే పోయాను.

"ఆ సరణం నాకు గుర్తుకు రావడంల్యాప్పా," అన్నాను.

ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. డోలు పక్కకు జరిపి, మా నాయన దగ్గర విన్న చరణాన్ని పాడి వినిపించాడు. నాకంటే చిన్నవాడి ముందు కూర్చుని, మా ఇంటి పాట నేను తిరిగి నేర్చుకున్నాను. వారం తిరక్కుండా మొత్తం వాయించి మళ్ళీ పెట్టాం.

జవాబు చూద్దామని ఇద్దరం కలిసి సెంటరుకు పోయాం. సెంటరతను ఈసారి పైకి చదవలేదు, తెర నా వైపు తిప్పాడు. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను, చెల్లెలి మొగుడికి అక్షరం రాదు. చలిదేశం ఆయన రాసిందిదీ: "గురువుగారూ, మన్నించండి. ఎవరి మెప్పు కోసమో మీ పాత సంప్రదాయాన్ని మార్చకండి. మేమందరం మీరు మొదట నేర్పినట్టే వాయిస్తాం."

"ఏమని రాసినాడు బావా?"

"శానా బాగుండాదంట," అన్నాను.

అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎప్పుడూ అంత సంతోషంగా చూడలేదు అతన్ని.

"మామ పాటంటే మజాకానా మరి. ఇట్లాంటివి మా బావకు ఇంకా శానా వచ్చని రాయమను," అన్నాడు.

సెంటరతను ఆ జవాబు చదివినవాడే. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, నేనేమంటానా అని నా ముఖంలోకి చూస్తున్నాడు.

రాయమన్నాను.