పాసింగ్ అక్కర్లేని కారు

లారీ పాసింగ్ దగ్గర పడిందంటే మా ఇంట్లో అన్నం కూడా డీజిల్ వాసన కొట్టేది. మా ఆయన వరంగల్ బీటు బజారులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర డ్రైవరు. ఆ సేటు లారీకి ఏటేటా సర్కారు పరీక్ష జరిగేది. దాన్నే అందరూ పాసింగ్ అనేవారు. మైదానంలో లారీ పెడితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి, చక్రాల దగ్గర వంగి చూసి, హారన్ కొట్టించి, మా ఆయన పక్కన ఎక్కి కూర్చుని "తొక్కు" అనేవాడు. తొక్కిన చోటనే లారీ ఆగాలి. ఒక ఏడు వెనక ఎర్రలైటు అద్దం పగిలి ఉందని వాపసు పంపాడు. దానికి నేను తప్పు పట్టను. రోడ్డు మీద మనుషులు తిరుగుతారు, చూడాల్సిందే. నా కోపమంతా సేటు ఇంట్లో ఉన్న రెండో బండి మీద.

అది నిజాం కాలం నాటి కారు. గుడ్డ పైకప్పు, పక్కన రబ్బరు బూర, ముందు పెద్ద పెద్ద గుండ్రటి లైట్లు. సేటు వాళ్ల నాయన ఎవరో జాగీర్దారు దగ్గర కొన్నాడట. రోజూ పాత ధోవతి గుడ్డతో తుడిచి తుడిచి దాన్ని అద్దంలా ఉంచేవారు. కానీ దానికి బ్రేకులు పట్టేవి కావు. తొక్కితే పెడలు అడుగుదాకా పోతుంది, బండి మాత్రం దాని ఇష్టం ఉన్నప్పుడు ఆగుతుంది అని మా ఆయన చెప్పేవాడు. చేతి బ్రేకు తీగ ఎప్పుడో తెగింది. కారు ఎక్కడ నిలిపినా చక్రం కింద ఇటుక పెట్టాలి.

ఆ కారుకు పాసింగ్ లేదు. ప్రైవేటు బండి, కిరాయికి తిరగదు కనుక పరీక్ష అక్కర్లేదట. తిరగకేం? చుట్టుపక్కల ఊళ్లలో ఏ రైతు ఇంట పెళ్లయినా ఊరేగింపుకు అదే కారు. సేటు కిరాయి తీసుకోడు నిజమే, కానీ ఆ రైతు మిర్చి ఇంకో దుకాణం గడప తొక్కదు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు వెనక కూర్చుంటే, మల్లెపువ్వు లాంటి బట్టలు కట్టుకుని సేటు ముందు సీట్లో కూర్చునేవాడు. స్టీరింగు మా ఆయన చేతిలో.

ఎనభైల మొదట్లో అనుకుంటాను, ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టరు కూతురి పెళ్లి వచ్చింది. సుబేదారిలో వాళ్ల ఇల్లు. కారు కావాలని సేటుకు కబురు పంపాడు. పిండివంటల సాయానికి సేటు భార్య నన్ను కూడా పంపింది. మా ఆయన కారు తెచ్చి వాకిట్లో ఆపి, దిగీదిగగానే ఇటుక పెట్టాడు. ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, బానెట్టు మీద అరచేయి పెట్టి, పసిపిల్లను నిమిరినట్టు నిమిరాడు.

"ఇట్లాంటివి ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి చెప్పు" అన్నాడు.

మా ఆయన ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి మెల్లగా చెప్పాడు. "సారు, దీనికి బ్రేకులు లెవ్వు. మీతోని దాచుడెందుకు."

ఇన్‌స్పెక్టరు చేయి తీసేశాడు. ఒక్క నిమిషం ఆలోచించి లోపలికి కేక వేశాడు. "అమ్మాయిని టాక్సీలో కూర్చోబెట్టండి. ఈ కారును పూలు కట్టి ముందు ఖాళీగా పోనీయండి, అందంగా ఉంటుంది."

నేను అక్కడే జంతికల గంగాళం పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు ఊరుకోలేదు.

"సారు, వచ్చే ఆదివారం గీ కారే హసన్‌పర్తి పెండ్లికి పోతాంది. గా పిల్లకు సుత టాక్సీ చెప్పుండ్రి."

ఆయన నా వంక చూడకుండానే అన్నాడు. "అది ప్రైవేటు బండమ్మా. నా చేతుల్లో లేదు. పాతకాలపు వస్తువు, చూసుకోవడానికి పెట్టుకునేది. దానికి పరీక్ష ఏముంటుంది?"

చూసుకోవడానికైతే ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలి. మిర్చి బస్తాలు మోసే బండికి పరీక్ష ఉంది, పెళ్లికూతురిని మోసే బండికి లేదు. తన బిడ్డను అందులో ఎక్కించకూడదని తెలిసిన మనిషికి ఇంకొకరి బిడ్డ సంగతి చేతుల్లో లేకుండా పోయింది.

తెల్లారి మా ఆయనను పట్టుకున్నాను. "నువ్వు నడపకు. ఏమన్నయితే సేటు మెడకు సుట్టుకుంటదా, ఇన్‌స్పెక్టరు మెడకు సుట్టుకుంటదా? జైలుకు పోయేది నువ్వే."

"ఏందే, పొద్దున్నే మొదలువెట్టినవ్" అన్నాడు. చొక్కా వేసుకుంటూ మళ్లీ ఆయనే అన్నాడు. "నేను నడపనంటే గుమాస్తాను కూసోవెడ్తడు సేటు. వానికి గేర్లే సరిగ తెల్వయి. గప్పుడు గా పిల్ల గతేంది?"

హసన్‌పర్తిలో ఆ ఇంటికి పోవాలంటే చెరువు కట్ట దాటి, ఏటవాలులో దిగాలి. పక్కనే నీళ్లు. చదును నేల మీద నడక వేగంతో ఎట్లాగో నెట్టుకొచ్చిన కారు, ఆ దిగుడులో ఎవరి మాట వింటుంది?

సేటు దగ్గరికి పోయాను. "సేటూ, జర బ్రేకులు ఏపియ్యిండ్రి. దిగుడున్నది ఆడ."

సేటు నవ్వాడు. "ఏమమ్మా, నువ్వు సుత మెకానిక్‌వైనవా? దీని అసలు సామాన్లు ఏడ దొరుకుతయ్? వేరే బండియి తెచ్చి పెడితే గిది మా నాయిన కారెట్లయితది? ఫికర్ చెయ్యకు, దసరాకు నిమ్మకాయలు తొక్కిచ్చినం గద."

అంటే కారు అసలుతనం చెడకూడదు, మనుషులు చెడితే పరవాలేదు. ఇంటికి వచ్చి అంట్లు తోముతుంటే ఒక్కో గిన్నె సొట్టపడేలా తోమాను.

పెళ్లికి రెండు రోజుల ముందు బస్సెక్కి హసన్‌పర్తి పోయాను. పెళ్లికూతురి నాయనమ్మ వాకిట్లో పసుపు కొమ్ములు దంచుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె రోకలి ఆపలేదు.

"పిల్లను కారెక్కియ్యకుంటే మగపెండ్లోళ్లు అలుగుతరు బిడ్డా. కారు కావాల్నని వాళ్లే అడిగిండ్లు."

"మరి దిగుడుల ఎట్ల అవ్వా?"

ఆమె దంచుడు ఆపి నా మొహంలోకి చూసింది. "గడ్డి బండి దిగుడుల ఎట్ల దించుతం మేము? ఎనక మోకు గట్టి మనుషులు పట్టుకుంటరు. గిది సుత బండే గద."

ఆదివారం పొద్దు వాలుతుండగా ఊరేగింపు కట్ట మీదికి వచ్చింది. నేను ఆడవాళ్ల మధ్య నడుస్తున్నాను. దిగుడు మొదలయ్యే చోట ముసలమ్మ బ్యాండు వాళ్లను చేయెత్తి ఆపింది. మా ఆయన కారు ఆపాడు, ఇటుక పెట్టారు. ఇంటి మగవాళ్లు చేతిలావు మోకు తెచ్చి కారు వెనక ఇనుప కమ్మీకి రెండు వరసలు చుట్టి ముడి వేశారు.

సేటు వెనక్కి తిరిగాడు. "ఏందది? ఏం జేస్తాండ్లు?"

"ఏం లేదు సేటు, మీ కారును జర పట్టుకుంటం" అంది ముసలమ్మ.

ఇటుక తీశారు. కారు కదిలింది, అంతలోనే ఊపందుకుంది. మోకు బిర్రుగా లాగింది. పట్టుకున్నవాళ్ల కాళ్లు మట్టిలో జారాయి. పెళ్లికూతురు కళ్లు గట్టిగా మూసుకుంది. మగపెళ్లివాళ్లు కూడా చేతి రుమాళ్లు పారేసి పరుగున వచ్చి మోకు అందుకున్నారు. కారు మెల్లబడింది. అప్పుడు మొదలయ్యాయి మాటలు.

"ఓ సేటూ, మీ కారుకు ముక్కుతాడు వెయ్యకపోతివి?"

"ఎద్దయితె అదిలిస్తె ఆగుతది, గిది ఆగదు."

కట్ట పొడవునా నవ్వులే. సేటు మొహం కందగడ్డలా అయింది. "ఇప్పుండ్రి, ముందుగాల గా మోకు ఇప్పుండ్రి" అన్నాడు.

మా ఆయన స్టీరింగు వదలకుండా, అందరికీ వినబడేలా అన్నాడు. "ఇప్పుడిప్పితె చెరువులనే ఆగుతది సేటు."

అన్నేళ్ల కొలువులో సేటుకు ఎదురుగా ఆయన అన్న మొదటి మాట అదే. సేటు ముందుకు తిరిగి కూర్చుని, చదును నేల వచ్చేదాకా మళ్లీ తల తిప్పలేదు. పిల్ల క్షేమంగా దిగింది. ముసలమ్మ దిష్టి తీసింది, పిల్లకూ మా ఆయనకూ కలిపి.

ఆ వారం బజారుకు మిర్చి తెచ్చిన ప్రతి రైతూ సేటును కారు బాగోగులు అడిగాడు. తట్టుకోలేక సేటు కారును హన్మకొండ వర్క్‌షాపుకు పంపాడు. అసలు సామాన్లు దొరకవన్న మనిషే ఏదో జీపువి పెట్టించాడు. అవి పట్టాయి. ప్రాణాల మాట చెబితే కదలని మనిషిని నలుగురి నవ్వు కదిలించింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం రాదు, ఒళ్లు మండుతుంది.

కారు తిరిగి వచ్చిన రోజు సేటు మా ఆయనను పిలిచి కోప్పడ్డాడు. "మోకు గడ్తరని నాకు ముందుగాల చెప్పద్దా? ఇజ్జత్ తీసినవ్."

నేను సేటు వాళ్ల గడప దగ్గర చాట పట్టుకుని ఉన్నాను. "బ్రేకుల సంగతి ముందుగాలనే చెప్పితిమి గద సేటు" అన్నాను.

సేటు తన కారు చుట్టూ తిరిగి, బానెట్టు మీద పడ్డ వేలిముద్రను ధోవతి కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.