అద్దపు గోడకు గాట్లు

పోయిన నెలలో ఒక పొద్దున తప్పు చేశాను. పర్చూరులో మేముంటున్న పాత ఇంటి హాలుకు పుట్టీ పెట్టిద్దామని పెయింటరును పిలిస్తే, అతను గోడను చేత్తో నిమిరి, "సార్, మరీ నున్నగా ఉంది, పుట్టీ పట్టదు. గాట్లు పెట్టమంటారా?" అన్నాడు. పేపరులోంచి తలెత్తకుండానే "పెట్టు" అన్నాను. నాలుగు దెబ్బలు పడ్డాక, దుమ్ము లేవకుండా అతను నీళ్లు చిలకరించేసరికి తడిసిన పాత సున్నం వాసన గుప్పుమంది. పేపరు పక్కన పడేసి, "ఆపు, ఆపు" అంటూ లేచాను.

ఎనభైల్లో, నేను ఐదో తరగతి చదివేటప్పుడు వేసిన గోడ అది. ఊరంతా సిమెంటుకు మళ్లినా, మామ్మకు చల్లగా ఉంటుందని మా నాన్న హాలు గోడల వరకు సున్నపు గచ్చుపూతే వేయించాడు. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. గాలి మళ్లినప్పుడల్లా మేస్త్రీ కోటయ్యతో సహా అందరం తుమ్మేవాళ్లం. పిడుగురాళ్ల సున్నపురాళ్ల మీద నీళ్లు పోస్తే గుంట కుతకుతలాడేది. గానుగ చుట్టూ ఎద్దు తిరుగుతుంటే రాతిచక్రం కింద సున్నం, ఇసుక వెన్నలా నలిగేవి, కుండల్లో నానిన కరక్కాయలూ బెల్లమూ కలిసి వగరుగా, తియ్యగా వాసన వేసేవి. గుమ్మం మీద కోటయ్య రెండు చిలకలను దిద్దుతుంటే, అతని భార్య వెంకాయమ్మ నున్నటి గులకరాయితో గోడను ముఖం కనపడేదాకా రుద్దేది. మెరుపు కోసం పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన కలపడం వాళ్ల అలవాటు. మా ఇంట్లో గుడ్డు పనికిరాదని మామ్మ అంటే, "మీ ఇంటి పెరుగుతోనే మెరిపిస్తానమ్మగారూ" అని కోటయ్య మాటిచ్చాడు.

ఒకరోజు నేను బెల్లం అడిగాను. "ఇది గోడ తినే బెల్లం, అబ్బాయిగారూ" అన్నాడు కోటయ్య. కూలీలంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం వాళ్లు అన్నాలు తిన్నచోట గుడ్డు పెంకులు కనపడితే, బాదం ఆకులో పెట్టుకుని మామ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"మామ్మా, సున్నంలో ఇవి కలిపారు."

"అన్నంలోకి తెచ్చుకున్నవండీ" అన్నాడు కోటయ్య.

"పసివాడు అబద్ధమాడతాడా?" అంది మామ్మ.

కోటయ్య నా వంక చూశాడు. నేను చిలకల వంక చూశాను. అతను ఉలి తీసి, ఆ రోజుకి అద్దంలా తేలిన గోడంతా చెక్కేశాడు. వెంకాయమ్మ మళ్లీ మొదటినుంచి రుద్దింది. పనంతా అయ్యాక మామ్మ ఆ గోడలో చూసుకుని బొట్టు సరిదిద్దుకుంటుంటే, ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. నేనూ మురిసిపోయాను, నిజం మాత్రం చెప్పలేదు.

అదే గోడ రెండోసారీ నా మాట మీదే దెబ్బలు తింది. పెయింటరును పంపేసి వెనక వీధిలో ఉండే వెంకాయమ్మ దగ్గరికెళ్లి, ఆనాటి అబద్ధం ఒప్పుకున్నాను. కోటయ్య పోయి చాలా ఏళ్లయింది.

"మాకు అప్పుడే తెలుసు. బెల్లం పెట్టలేదని పేచీ. మా ఆయన పొయ్యేదాకా తలుచుకుని నవ్వేవాడు" అంది. అరచేతులు చూసుకుని, "నేను నవ్వలా. చేతులు బొబ్బలెక్కింది నాకు" అంది.

గాట్లు పడ్డచోట మళ్లీ పూయడానికి పిడుగురాళ్ల నుంచి సున్నం తెప్పించి నానబెట్టాను. గానుగ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది, అందుకని మా రోట్లోనే నూరాను. పూత రోజున వెంకాయమ్మ తన గులకరాయి నా చేతిలో పెట్టి కుర్చీలో కూర్చుంది. "ఆపమాకండి, ఆరిందంటే మెరవదు" అని గదమాయిస్తూనే ఉంది. సాయంత్రానికి గోడలో నా ముఖం మసకగా తేలింది. సంబరంగా ఆమెను పిలిచాను.

ఆమె గోడ చూడలేదు. నా అరచెయ్యి తిప్పి చూసింది.

"రెండేనా? నాకు అయిదు లేచినయ్యి."

మళ్లీ రాయి అందుకున్నాను.